పాషా సైన్యమా, ప్రజల సైన్యమా?

ముహమ్మద్ అలీ పాషాను ఆధునిక ఈజిప్టు నిర్మాతగా కీర్తించడం చరిత్రకారులలో చిరకాలంగా ఉన్న పరిపాటి. ఆయన నెలకొల్పిన సైన్యంలోనే ఈజిప్టు జాతి కన్ను తెరిచిందని జాతీయవాదులు వ్రాశారు. అబ్దుర్రహ్మాన్ అర్-రాఫిఈ 1930లో వెలువరించిన గ్రంథంతో ఈ అభిప్రాయం మరింత స్థిరపడింది. మన ముస్లిం పాఠకులకు కూడా ఇది ప్రీతికరమైన కథే. యూరపుకు దీటుగా నిలిచిన ముస్లిం పాలకుడు ఎవరికి ఇష్టుడు కాడు?

ఈ కథను మూలంలోనే ప్రశ్నించిన గ్రంథం ఖాలిద్ ఫహ్మీ ఆంగ్లంలో రచించిన 'ఆల్ ది పాషాస్ మెన్'. 1997లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ప్రచురించిన ఈ రచనకు కైరో జాతీయ దస్తావేజుల భాండాగారంలోని ప్రభుత్వ ఉత్తరాలు, సైనిక విచారణల కాగితాలు ఆధారం. పొగడ్తలను ప్రక్కనబెట్టి పాషా జాబులనే సాక్ష్యానికి పిలవడం గ్రంథకర్త చేసిన గొప్ప పని.

కవాలాలో జన్మించిన ముహమ్మద్ అలీ 1805లో ఉస్మానియా సుల్తాను పక్షాన ఈజిప్టుకు వాలీ అయ్యాడు. 1811లో మమ్లూకు నాయకులను కోటలో ఉత్సవానికి ఆహ్వానించి హతమార్చాడు. తన అల్బేనియా సైనికులను నమ్మలేక 1820లో సూడాను మీదికి దండు నడిపి, అక్కడి బానిసలను పట్టి సైన్యం కట్టదలచాడు. ఆ అభాగ్యులు వ్యాధులకూ ప్రయాణ బాధలకూ వేలాదిగా బలియైపోగా, 1822లో ఎగువ ఈజిప్టు రైతుల నుండి నాలుగు వేల మందిని తెమ్మన్నాడు. మూడేళ్ల తరువాత ఇండ్లకు పంపుతామన్నది నాటి మాట. ఆ మాట నిలువలేదు. కొలువుకు అంతమనేదే లేకుండా పోయింది.

ఈ సైన్యం అమరికలోనే దాని స్వభావం ఉంది. శిక్షణ పద్ధతి ఫ్రెంచివారిది. శిక్షకులలో ముఖ్యుడైన సెవ్ అనే ఫ్రెంచి అధికారి ఇస్లాం స్వీకరించి సులైమాన్ పాషా అయ్యాడు. అధికారుల భాష తుర్కీ, సిపాయిల భాష అరబ్బీ. అరబ్బు సంతతివాడు యూజ్‌బాషీ, అనగా కెప్టెన్ హోదాను దాటి పైకి పోరాదు. 1830లలో ఒక దశలో లక్షా ముప్పై వేలకు చేరిన ఈ సైన్యం 1832లో కోన్యాలో, 1839లో నిజిబ్‌లో సుల్తాను సేనలనే ఓడించింది. ఇరుపక్షాలా నేలకూలినవారు ముస్లిములే!

రైతులు దీనిని తమ సైన్యమనుకున్నారా? గ్రంథంలోని అత్యంత దుఃఖకరమైన పుటలు ఇక్కడే ఉన్నాయి. తుపాకీ మీట నొక్కే చూపుడు వ్రేలిని నరుక్కున్నవారు, పళ్లు ఊడగొట్టుకున్నవారు, ఎలుకల మందుతో కన్ను పోగొట్టుకున్నవారు ఎందరో. 1824లో ఎగువ ఈజిప్టు తిరుగబడితే దానిని అణచడానికి పంపింది కూడా ఈ కొత్త సిపాయిలనే. భర్తల వెంట వచ్చిన స్త్రీలు శిబిరాల ప్రక్కన గుడిసెలలో బ్రతుకు ఈడ్చారు. 1827లో క్లాట్ బే ఆధ్వర్యంలో వెలసిన వైద్య పాఠశాలను మనం మెచ్చుకోవలసిందే. కాని అది కూడా మొదట సైన్యం అవసరం కోసం పుట్టినదే.

ఇస్లామీయ కొలమానం మనకు వేరే ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) దీవాను నెలకొల్పి యోధుల పేర్లు వ్రాయించి వారికీ, కుటుంబాలకూ భృతి నిర్ణయించారు. సైనికుని నాలుగు నెలలకు మించి భార్యకు దూరంగా ఉంచరాదని ఆజ్ఞాపించారని సంప్రదాయ గ్రంథాలలో ప్రసిద్ధం. ముస్లిం పాలకుని సైన్యాన్ని గెలుపులతో మాత్రమే తూచరాదు. సిపాయి హక్కును అది ఎంతవరకు కాపాడిందో చూడాలి. ఆ తూకంలో పాషా సైన్యం తేలిపోతుంది.

అయితే గ్రంథకర్తతోనూ మనకు పేచీ ఉంది. క్రమశిక్షణ మనిషిని లోపలి నుండే లొంగదీస్తుందనే ఫ్రెంచి తత్త్వవేత్త ఫూకో సిద్ధాంతానికి ఆయన ఇచ్చిన చోటు అధికం. ఆయన చూపిన పలాయనాలూ, అంగచ్ఛేదాలూ సిద్ధాంతం కంటె బిగ్గరగా మాట్లాడుతున్నాయి. ఆ రైతును చివరిదాకా నిలబెట్టిన ఈమానును గురించి, మస్జిదును గురించి మరికొంత వ్రాసి ఉంటే మనకు మేలయ్యేది.

1841లో సుల్తాను ఫర్మానా సైన్యాన్ని పద్దెనిమిది వేలకు కుదించింది. జాతి మేల్కొన్నది ఆ తరువాతనే. సయీద్ పాషా కాలంలో రైతు బిడ్డలకు పై హోదాలు దక్కాయి. వారిలో ఒకడైన అహ్మద్ ఉరాబీ, 1881లో ఆ దారి మూయబోయినప్పుడు ఎదురు నిలిచాడు. 1882 సెప్టెంబరులో తల్లుల్ కబీర్ వద్ద బ్రిటిషువారి చేతిలో ఓడినా, ఆ సైన్యాన్ని తమదని ప్రజలు చెప్పుకోగలిగారు. సైన్యానికి జాతీయత పాషా ఫర్మానాతో రాలేదు, సిపాయి న్యాయం అడిగిననాడు వచ్చింది. పాలకుల వైభవం చూసి పరవశించే మనవారు ఈ గ్రంథాన్ని తప్పక చదవాలి.