క్యాంపు అయ్యాక ఎవరిని అడగాలి?

సినీ కార్మికులకు ఫిల్మ్‌నగర్‌లో హెల్త్ క్యాంపు పెట్టారనగానే ముందు వినిపించే మాట, ఎంతమంది వచ్చారన్నదే. క్యాంపులు మంచివే, ఇంకా జరగాలి. కానీ వాటివల్ల ఏం ఒరిగిందో హాజరు పట్టీ చెప్పలేదు. సెట్లో పనిచేసే మనిషే చెప్పాలి.

2021 ఏప్రిల్‌లో చిరంజీవి ఆధ్వర్యంలోని కరోనా క్రైసిస్ చారిటీ, అపోలో 24/7 సాయంతో 45 ఏళ్లు దాటిన సినీ కార్మికులకు ఉచితంగా టీకాలు వేయించింది. టీకాకైతే తలలు లెక్కపెడితే చాలావరకు సరిపోతుంది. బీపీ, షుగర్ అలా కాదు. క్యాంపులో పది నిమిషాల్లో బయటపడ్డ జబ్బుకు ఏళ్ల తరబడి మాత్ర వేసుకోవాలి, వేళకు తినాలి.

కృష్ణానగర్‌లో ఒక లైట్‌మన్‌ను కదిపితే ఇలా అన్నాడు: “షుగర్ ఉందన్నరు సార్, టైముకు తినమన్నరు. షాట్ నడుస్తుంటే లైటు వదిలి ఎట్ల పోత? మళ్ల దవాఖానకు పోతే ఆ రోజు కూలి పాయె.” క్యాంపులో ఇచ్చిన ఫారంలో మాత్రం ‘చాలా బాగుంది’ దగ్గర టిక్కు పెట్టాడు. అదీ నిజమే. డాక్టరు ఆప్యాయంగా చూశాడు మరి. కానీ అతని అసలు ఇబ్బంది ఆ ఫారంలో ఎక్కడా లేదు.

అందుకే మూడు నెలలాగి అడగాలంటాను. మేనేజరు పక్కన లేనప్పుడు, పేరు రాయించుకోకుండా అడగాలి. రాని వాళ్లను వెతికి మరీ అడగాలి, ఎందుకు రాలేదో వాళ్లకే తెలుసు. ఫైటర్ నడుం నొప్పి వేరు, డాన్సర్ మోకాలి నొప్పి వేరు, ప్రొడక్షన్ బాయ్ నిద్రలేమి వేరు. అందర్నీ ఒకే గాటన కట్టకుండా ఏ క్రాఫ్టు (పని విభాగం) వాళ్లను ఆ క్రాఫ్టుగా అడగాలి. భోజనం బ్రేక్ వేళకు ఇవ్వడానికి అడ్డేమిటో నిర్మాత, దర్శకుడు చెప్పాలి. చివరికి తేలిందేమిటో, ఏం మార్చబోతున్నారో కార్మికులకు తిరిగి చెప్పాలి. చెప్పకపోతే రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

పనిచోట ఆరోగ్యమంటే యాజమాన్యం, ఉద్యోగులు, సమాజం కలిసి చేసే ప్రయత్నమని 1997లోనే యూరప్‌లో వెలువడిన లక్సెంబర్గ్ ప్రకటన చెప్పింది. పని తీరును మెరుగుపరచడమూ అందులో భాగమే.

2025 ఆగస్టులో షూటింగులు ఆగిపోయినప్పుడు వేతనాలు, పని షరతుల మీద సినీ కార్మికుల ఫెడరేషన్, నిర్మాతలు ఎదురెదురుగా కూర్చుని ఒప్పందానికి వచ్చారు. ఈసారి కూర్చున్నప్పుడు కార్మికుల ఈ జవాబులనూ ముందు పెట్టుకోవాలి. వేళకు భోజనం, పరీక్షకు వెళ్లిన రోజు కూలి ఒప్పందంలోకి ఎక్కితే, డాక్టరు చెప్పిన మాట పాటించే వీలు ఆ లైట్‌మన్‌కు దొరుకుతుంది.