చొక్కాకు ఆయుష్షు

పొందూరు ఖద్దరు గుడ్డను కొన్నరోజే దర్జీ చేతికి ఇవ్వకూడదన్నది నేను గట్టిగా పాటించే నియమం. మగ్గం మీద బిగించి నేసిన నూలు నీళ్లు తగలగానే బిగువు వదిలి ముడుచుకుంటుంది. కుట్టించాక ఆ పని జరిగితే చొక్కా భుజాల దగ్గర పట్టేస్తుంది. అందుకే రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఆ తర్వాతే కొలతలకు వెళ్తాను.

ఒక్క చొక్కాకు ఇంత శ్రద్ధ ఎందుకని అడిగేవారికి ఆ గుడ్డ పుట్టుక చెబుతాను. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్లు కొండపత్తిని గింజతో ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నని పళ్లు చెత్తను లాగేసి, పింజను ఒక దారికి తెస్తాయి. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. 100 కౌంటు అంత సన్నని నూలు ఆ వేళ్ల మధ్య నుంచే వస్తుంది. గాంధీజీ ఈ పనితనం గురించి విని, చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ను పంపారు.

చేత్తో వడికిన పోగు అంతటా ఒకే మందాన ఉండదు. ఆ హెచ్చుతగ్గుల్లో గాలి ఆడుతుంది. కోస్తా ఉక్కపోతలో ఆ గుడ్డ విలువ ఒంటికే తెలుస్తుంది. పంచె మీద పెళ్లికి, ప్యాంటు మీద ఆఫీసుకు, లుంగీ మీద ఆదివారం బజారుకు అదే చొక్కా సరిపోతుంది. గీతలూ పువ్వులూ లేని తెల్లచొక్కాకు పోయినేటిది, ఈ ఏటిది అన్న తేడా లేదు.

దర్జీని ఒకటే కోరతాను, మిగిలిన ముక్క పారేయవద్దని. చొక్కా ముందుగా అరిగేది కాలరు మడత దగ్గరే. మెడ రాపిడికి అక్కడ పోగులు లేస్తాయి. కాలరు విప్పి, తిరగేసి కుడితే అరిగిన వైపు కిందికి పోతుంది, కొత్త వైపు పైకి వస్తుంది. రెండోవైపూ అరిగితే దాచిన ఆ మిగిలిన ముక్కతో కొత్త కాలరు వేయించవచ్చు. ఈ రిపేరు చేసే దర్జీలు తగ్గుతున్నారు. అడిగేవాళ్లుంటేనే ఆ పని నిలుస్తుంది.

తడిసిన నూలు పొడి నూలుకన్నా బలంగా ఉంటుంది. ఎన్ని ఉతుకులకైనా తట్టుకునేది అందుకే. బ్లీచింగ్ మాత్రం వద్దు. పల్చని గంజి పెడితే మురికి ఆ గంజికే అంటుకుని, ఉతికినప్పుడు దానితోపాటు పోతుంది. గంజి పెట్టిన చొక్కాను నెలల తరబడి బీరువాలో ఉంచితే పిండికి పురుగు చేరుతుంది. అలా దాచేముందు గంజి పోయేలా ఉతకాలి.

చొక్కా ఇన్నేళ్లు మన్నితే వడికేవాళ్లకు, నేసేవాళ్లకు బేరమెలా అని ఒక మిత్రుడు అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఏటా నాలుగు చవక చొక్కాలకు పోసే డబ్బులో వాళ్లకు పైసా చేరదు. అదే డబ్బుతో ఒక మంచి గుడ్డ కొంటే, బేరాలాడకుండా అసలు ధర ఇవ్వగలం. గాంధీ జయంతికి ఖాదీ భండార్లలో రిబేటు మొదలవుతుంది. దానికోసం ఆగనక్కర్లేదు. నచ్చిన గుడ్డను పూర్తి ధరకు కొనండి. నానబెట్టి కుట్టించండి. కాలరు అరిగితే తిప్పించండి.