పూజారి నేర్చుకున్న పాఠం

శ్రీకాళహస్తి వెళ్ళొచ్చిన ప్రతి ఇల్లాలూ పిల్లలకి కన్నప్ప కథ చెబుతుంది. ధూర్జటి 'కాళహస్తి మాహాత్మ్యము'లో నాకు నచ్చేది మాత్రం పూజారి ఘట్టం. బోయపిల్లాడు తిన్నడు మాంసం నైవేద్యం పెడితే పూజారి విలవిల్లాడాడు. శివుడేం చేశాడు? తిన్నణ్ణి మడి నేర్చుకు రమ్మన్నాడా? లేదే! పూజారినే చాటుగా కూర్చుని చూడమన్నాడు.

తెల్లదొరలకి ఆ ఓపిక లేకపోయింది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం, ఆరేళ్ళు దాటిన పిల్లల్ని కన్నవాళ్ళ నుంచి విడదీసి 'బాగుచేసే' బడుల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికిచ్చింది. మన ఎరుకల కుటుంబాలూ ఆ చట్టం కింద నలిగినవే. సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు అలా వెలిసిందే. 1952 నాటికి చట్టం దేశమంతటా రద్దయింది.

ఇవాళ గిరిజన గురుకులాల్లో కన్నవాళ్ళే పిల్లల్ని చేరుస్తున్నారు. వేళకి అన్నం, చేతిలో పుస్తకం చిన్న సంగతులా? కానీ ఎరుకల పిల్ల ఇంటి మాట మాట్లాడితే నవ్వే బడి ఏదైనా ఉంటే, అది ఇంకా పూజారి దగ్గరే ఆగిపోయినట్టు.

మనం కథని 'కన్నిచ్చాడు' అని ముగించేస్తాం. పూజారి కళ్ళు తెరుచుకున్న సంగతి కూడా చెబుదామమ్మా. రేపటి టీచర్లు మన పిల్లలే కదా!