డిక్కీలో పట్టనిది

"ఆ జాడీ కాస్త ఒళ్ళో పెట్టుకో."

ఈ మాట జన్మలో వినని ఇల్లాలు ఎవరైనా ఉంటే నాకో ఉత్తరం ముక్క రాయండి, వచ్చి చూసి వెళ్తాను. పెళ్ళయిన కొత్తలో, 2004 వేసవిలో, అమలాపురం దగ్గర మా అత్తవారి ఊరినుంచి హైదరాబాదు బయలుదేరుతూ మావారు నాతో అన్న మాట ఇది. కారు చిన్నది. బియ్యం బస్తా, అరటిగెల, కొబ్బరికాయలు, అత్తయ్యగారు కట్టిచ్చిన అప్పడాల మూట డిక్కీలోకి ఎక్కేశాయి. ఆవకాయ జాడీ ఒక్కటే మిగిలింది. వాసెన కట్టిన ఆ జాడీని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, చివరికి మావారు నావైపు తిరిగారు. ఒళ్ళు అనేది ఆడదానికి దేవుడిచ్చిన రెండో డిక్కీ కాబోలు!

రావులపాలెం, తణుకు, ఏలూరు, బెజవాడ, సూర్యాపేట... ఆ "కాస్త" అన్న మాటలో ఇన్ని ఊళ్ళున్నాయి. దిగేసరికి కాళ్ళు మొద్దుబారిపోయాయి. గద్వాల చీర మీద పప్పునూనె మరక దేశపటంలా పరుచుకుంది. "వాసెన సరిగ్గా కట్టలేదా ఏమిటి?" అన్నారు మావారు. కారే సరిగ్గా కట్టలేదేమో అన్న అనుమానం ఆయనకి రాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ రాలేదు.

అది రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. పోయినేడు అత్తయ్యగారు స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముకకి ఆపరేషన్ అయింది. ఇంటికి మడతపెట్టే చక్రాల కుర్చీ వచ్చింది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. ఆ కుర్చీ మా పాత కారు డిక్కీలో పట్టదు. వెనక సీట్లో పెడితే అత్తయ్యగారికి చోటుండదు. "దాన్ని కాస్త ఒళ్ళో పెట్టుకో" అనడానికి మావారికి సైతం నోరు రాలేదు. కారు మార్చక తప్పలేదు.

ఇక చూడండి, ఇంటినిండా బ్రోషర్లు! నాకు చదువు జబ్బు. పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివే రకాన్ని. అరడజను బ్రోషర్లనీ నవలలు చదివినట్టు చదివేశాను. నవల చదివాక నాలుగు మాటలు అనకుండా ఊరుకోలేను కనక ఈ సమీక్ష.

మొదటి సంగతి, వీటిని రాసినవాళ్ళు మన ప్రబంధకవుల వారసులు. దీపాలు కలువకన్నులు, ముందు జాలీ చిరునవ్వు, చక్రాలు గజ్జెలు అన్న ధోరణిలో పది పేజీలు వర్ణన సాగుతుంది. వర్ణనంతా ముందు భాగానికే. డిక్కీ సంగతి ఆఖరి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో ఒక్క అంకె. ఎక్కడో ఒక బొమ్మలో డిక్కీ తలుపు తెరిచి ఉంటుంది. అందులో ఏముంటుందో గమనించారా? ఒక గిటారు, ఒక తోలుసంచి. పక్కన నవ్వుతున్న పడుచుజంట, వెనకాల కొండలు. బియ్యం బస్తా ఏదీ? పసివాడి పక్కబట్టల మూట ఏదీ? ముసలావిడ చేతికర్ర ఏదీ? ఒక నవలలో మూడువందల పేజీలు గడిచినా ఎవరూ వంటింట్లో అడుగుపెట్టకపోతే, ఆ రచయితకి ఇల్లు తెలియదంటాం. ఈ బ్రోషర్ల మీద నా మొదటి ఫిర్యాదు అదే.

రెండోది ఆ అంకె. షోరూములో కుర్రాడు డిక్కీ తెరిచి, "341 లీటర్లు మేడమ్" అన్నాడు.

"పాలు పొయ్యడానికి కాదు బాబూ, సామాను పెట్టుకోవడానికి" అన్నాను. పాపం, వాడు నవ్వాడు గానీ లీటరంటే ఏమిటో చెప్పలేకపోయాడు. ఇంటికొచ్చి నేనే తెలుసుకున్నాను. జర్మనీలో వాహన పరిశ్రమల సంఘంవారు పెట్టిన లెక్క ఒకటుంది. 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందం ఉన్న దిమ్మ ఒకటి తీసుకుంటారు. ఇంచుమించు మన ఇటుకంత పొడవూ వెడల్పూ, మందం మాత్రం సగం. సరిగ్గా ఒక లీటరు. ఖాళీ డిక్కీలో అలాంటివి ఎన్ని పడితే అన్ని లీటర్లన్నమాట. కొందరు కిటికీ అంచు వరకే పేరుస్తారు, కొందరు కప్పుదాకా పేరుస్తారు. అమెరికావారి పద్ధతి వేరు, వాళ్ళు రకరకాల సైజుల పెట్టెలు పెట్టి చూస్తారు. మన చేతికొచ్చిన బ్రోషరులో ఏ పద్ధతిలో కొలిచారో ఎక్కడా రాసి లేదు. శేరూ మానికా కలిపి కొలిచినట్టు, రెండు కార్ల అంకెలు పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో తేల్చమంటే ఎలా?

అంకె అబద్ధమని నేననను. కానీ ఇటుకలు ఎంత మూలకైనా సర్దుకుపోతాయి. చక్రాల కుర్చీ సర్దుకుపోదు. "సర్దుకుపో" అన్న మాట మనకి కొత్త కాదు గనక ఈ తేడా మనకే బాగా తెలియాలి.

మావారు చక్కగా గళ్ళు గీసి పట్టిక తయారుచేశారు. ధర, మైలేజీ, ఇంజను అశ్వశక్తి, పొడవు. "పొడుగు కారైతే డిక్కీ పెద్దదే ఉంటుందోయ్" అన్నారు ధీమాగా. ఆ ధీమా పట్టికలోనే పడిపోయింది. వ్యాగన్ఆర్ పొడవు 3,655 మిల్లీమీటర్లు, డిక్కీ 341 లీటర్లు. 2024లో వచ్చిన స్విఫ్ట్ పొడవు 3,860, డిక్కీ 265. పొట్టికారుకే పెద్ద డిక్కీ! అది నిటారుగా, బీరువాలా ఉంటుంది. అందం కోసం వెనక భాగాన్ని ఏటవాలుగా కోసినకొద్దీ తరిగేది మన చోటే.

డిక్కీ తరగడానికి అందం ఒక్కటే కారణం కాదు. పన్ను కూడా ఉంది. 2006 బడ్జెట్లో, పొడవు 4 మీటర్లు మించకుండా, పెట్రోలుదైతే 1200, డీజిలుదైతే 1500 సి.సి. దాటని ఇంజనున్న కార్లకి ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. అప్పట్నుంచి కార్లన్నీ ఆ గీత లోపల ముడుచుకు కూర్చోవడం నేర్చాయి. 2008లో వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ 4 మీటర్లు దాటేది, డిక్కీ 440 లీటర్లు. 2012లో దాన్ని 3,995 మిల్లీమీటర్లకి కుదిస్తే డిక్కీ 316కి దిగింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, తర్వాత వచ్చిన వాటిలో కొంత తిరిగి పెంచారు. కానీ 2025 సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చిన జి.ఎస్.టి. మార్పుల్లోనూ గీత అక్కడే ఉంది. లోపలున్న కార్లకి 18 శాతం, దాటినవాటికి 40. ఢిల్లీలో గీసిన గీత అమలాపురంలో నా ఒళ్ళోకి జాడీ తెస్తుందని ఎవరనుకుంటారు?

అసలు మనలాంటి కుటుంబాలకోసమే పుట్టిన బండి ఒకటుంది. దాన్ని ఎస్టేట్ అంటారు. కప్పు వెనక చివరిదాకా సాగి, సామాను చోటంతా ఒక చిన్న గదిలా ఉంటుంది. వెనక తలుపు అద్దంతో సహా పైకి లేస్తుంది. అమెరికాలో దీన్నే స్టేషన్ వ్యాగన్ అంటారు, రైలు స్టేషను నుంచి మనుషుల్నీ పెట్టెల్నీ కలిపి తీసుకురావడానికి పుట్టింది కనక. మన దేశంలోనూ వచ్చాయి. 1992లో టాటా ఎస్టేట్, 2000 ప్రాంతాల్లో మారుతీ బలెనో ఆల్టురా, 2004లో ఇండిగో మరీనా. ఒక్కటీ నిలవలేదు. కారణం కోసం ఎంతో దూరం వెళ్ళక్కర్లేదు. ఆ రోజుల్లో మావారి మేనమామగారు ఒకదాన్ని చూసి, "పెళ్ళికొడుకుని ఊరేగించే బండిలా లేదురా, ఆస్పత్రి బండిలా ఉంది" అని తీర్పు చెప్పేశారు. వెనక పెట్టె వేరుగా పొడుచుకొస్తేనే హోదా అని మనవాళ్ళ నమ్మకం. ఆ పెట్టె మూతి ఎంత ఇరుకో ఎవరూ చూడరు.

పోనీ ఏడుగురు పట్టే బండి కొందామా అన్నారు మావారు. రెనో ట్రైబర్లో మూడు వరసల్లోనూ మనుషులు కూర్చుంటే సామానుకి మిగిలేది 84 లీటర్లు. మూడో వరస తీసేస్తే 625. అంటే ఏడుగురూ పెళ్ళికి వెళ్ళొచ్చు, ఏడుగురి పెళ్ళిబట్టలూ వెళ్ళకూడదు! ఇక గ్యాసు బళ్ళలో డిక్కీ మధ్య సిలిండరు పడుకునేది. 2023లో ఆల్ట్రోజ్‌లో టాటావారు దాన్ని రెండు చిన్న సిలిండర్లు చేసి అడుగున అమర్చారు. డిక్కీకి 210 లీటర్లు దక్కాయి. సామాను గురించి ఒకళ్ళు ఆలోచించారు అనిపించి, ఆ పేజీ చదువుతూ సంతోషించాను.

చివరికి పట్టికని బల్ల మీద వదిలేసి చక్రాల కుర్చీని వెంటబెట్టుకుని షోరూములకి బయలుదేరాం. కుర్రాళ్ళు వింతగా చూశారు. చూడనివ్వండి. నాలుగువందల లీటర్లు దాటిన ఒక పెద్ద డిక్కీలో కుర్చీ లోపలికి పట్టేదే, మూతి దగ్గర చక్రం తట్టుకుని ఆగిపోయింది. మరోదాంట్లో పట్టింది గానీ గట్టు నా నడుం దాటి ఉంది. పదిహేను కిలోల పైచిలుకు కుర్చీని వారానికి నాలుగుసార్లు అంతెత్తు ఎత్తాలంటే, ఫిజియోథెరపీ అత్తయ్యగారితోబాటు నాకూ కావాలి. మూడోది మామూలు హాచ్‌బ్యాక్. లీటర్లు తక్కువే. కానీ వెనక సీటు ఒకే పలకగా కాక రెండు ముక్కలుగా మడుస్తుంది. చిన్నముక్క మడిచేసరికి కుర్చీ సొరుగులోకి జారినట్టు జారింది. ఇద్దరు కూర్చునే చోటు మిగిలింది. పేరు చెప్పను, ఇది ప్రకటన కాదు. మీ ఇంటి సామాను వేరు, మీ కారు వేరు.

మావారు ఇంకా మెత్తబడలేదు. "ఏడాదికి రెండుసార్లు ఊరెళ్ళడం కోసం రోజూ డిక్కీ మోస్తూ తిరుగుతామా?" అన్నారు. సబబైన ప్రశ్నే. హైదరాబాదు సందుల్లో పొడుగు బండి తిప్పడం ఎంత కష్టమో, నిలుపుకునే చోటు దొరకడం ఎంత కష్టమో నేనూ ఎరుగుదును. పెద్దబండి కొనమని నేననడం లేదు. కొలవాల్సింది కొలవమంటున్నాను, అంతే. మూతి వెడల్పెంత, గట్టు ఎత్తెంత, సీటు ఎన్ని ముక్కలుగా మడుస్తుంది, స్టెప్నీ చక్రం తియ్యాలంటే సామానంతా దింపాలా? ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబు బ్రోషరులో ఉండదు. గజం టేపు పట్టుకుని వెళ్ళాల్సిందే.

ఇది ఆడవాళ్ళ సణుగుడు కింద కొట్టిపారెయ్యకండి. ముందు సీటుకి ఎదురుగా గాలిసంచి ఉంటుంది. గుద్దుకుంటే అది రెప్పపాటు కంటే తక్కువ కాలంలో విచ్చుకుంటుంది. ఒళ్ళో స్టీలు డబ్బా ఉంటే దాన్ని మన రొమ్ముమీదికే విసురుతుంది. వెనక అద్దం దగ్గర అరమీద పెట్టిన కొబ్బరికాయ సంగతీ అంతే. బ్రేకు వేస్తే కారు ఆగుతుంది, కాయ ఆగదు. డిక్కీలో పట్టనిది ఎక్కడికో పోదు, మనుషుల మీదికే వస్తుంది.

డిక్కీ అన్న మాటకి పాత అర్థం తెలుసా? గుర్రపు బగ్గీల వెనక నౌకర్లు కూర్చునే ఆసనాన్ని అలా పిలిచేవారు. ఆ తర్వాత రెండు సీట్ల కార్లలో వెనక మూత ఎత్తితే బయటపడే అదనపు సీటుకి ఆ పేరు వచ్చింది. దానికి కప్పుండదు. ఎండైనా వానైనా వాళ్ళ నెత్తిమీదే. మనిషి చోటు సామానుకి పోయిందన్నమాట. సామాను తిరిగి మనిషి మీదికెక్కితే అది ప్రగతి ఎలా అవుతుంది?

మొన్న కొత్తకారులో ఊరెళ్ళి వస్తున్నాం. మడిచిన సీటు మీదినుంచి కుర్చీ, దాని పక్కన బస్తా, రెండింటి మధ్యా జాడీ. తలుపు చప్పుడు లేకుండా పడింది. మావారు అలవాటుకొద్దీ అరిసెల డబ్బా ఒకటి పట్టుకుని నా కిటికీ దగ్గరికి వచ్చారు. "ఏమోయ్, ఇది కాస్త..."

"వెనక చోటుందిరా. దాన్ని హాయిగా కూర్చోనీ" అన్నారు అత్తయ్యగారు వెనక సీట్లోంచి.

సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి నిండుగా పారుతోంది. ఇరవై ఏళ్ళుగా ఆ వంతెన దాటుతూనే ఉన్నాను. జాడీ తొణుకుతుందేమోనని వాసెన వంకే చూసేదాన్ని. నది ఇంత వెడల్పని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.