దండయాత్రావార్తలయందుఁ గర్తృపదము

వార్తాపత్త్రికలలోని గద్యము నేఁడు పుట్టి రేపు గతించునదియనియు, దానికి సాహిత్యవిమర్శ యేలయనియుఁ గొందఱందురు. పరరాజ్యదండయాత్రలను గూర్చిన వార్తలను బరిశీలించినచో నీ యభిప్రాయము నిలువదు. ఒక పురము కాలినదనుట యొకటి. దానిని ఫలానివారు కాల్చిరనుట వేఱొకటి. మొదటి వాక్యమునఁ గాల్చినవాఁడు కానరాఁడు, రెండవదానఁ గానవచ్చును. ఈ భేదము వ్యాకరణమాత్రము గాక ధర్మవిషయము నగుచున్నది. 1931లో మంచూరియాను, 1937లోఁ దక్కిన చీనాను ఆక్రమింపఁబూనిన జపానుప్రభుత్వము తన యుద్ధమునకు 'సంఘటన' యని పేరిడెను. సంఘటన దానంతటఁ గలుగును. యుద్ధము నొకఁడు చేయవలయును.

1935 అక్టోబరు 3వ తేదీని ఇటలీసేనలు యుద్ధప్రకటన లేకయే ఇథియోపియాలోఁ జొచ్చినవి. ఆ డిసెంబరునఁ బ్రిటిషు విదేశాంగమంత్రి హోరును, ఫ్రెంచి ప్రధానమంత్రి లవాలును గలసి, ఆ దేశమున బహుభాగము నిటలీకి విడిచి, బదులుగా నితియోపీయులకు సముద్రమునకుఁ బోవు సన్ననిదారి నిప్పించుట కేర్పాటు చేసికొనిరి. పారిసు పత్త్రికలు రహస్యమును బయలుపఱచినవి. 16వ తేదీని లండను 'టైమ్సు' ఆ దారిని ఒంటెల బాటయని యెత్తిపొడిచెను. 18వ తేదీని హోరు పదవిని విడిచెను. ఒక్క మాటయే మంత్రిని బడఁద్రోసెననుట యతిశయోక్తి. ఆ యేఁట జరిగిన శాంతివిషయకాభిప్రాయసేకరణమునఁ బ్రిటనులోఁ గోటిమందికిఁ బైగాఁ బాల్గొనియుండిరి. జనాభిప్రాయ మంతకుముందే యేర్పడియుండెను. దానికి నోరిచ్చినది యా మాట.

ఇదే యుద్ధమునకు 'డెయిలీ మెయిలు' పక్షమున వెళ్లిన ఈవెలిన్ వా 1938లో 'స్కూప్' అను హాస్యనవలను బ్రకటించెను. అందొక విలేఖరి రైలులో నిద్రించి, పోవలసిన రాజధాని గాక వేఱొకదాన దిగి, లేని విప్లవమును వర్ణింపఁగా నది నిజముగనే పుట్టును. వార్తయే సంభవమునకుఁ గర్త యగుట యిందలి చమత్కారము. పత్త్రికలవారి దొసఁగుల నింత చక్కఁగాఁ బట్టిన గ్రంథము లరుదు. అయినను విలేఖరులను జూచి నవ్వుచున్నంతసేపు, దాడికి గుఱియైన ప్రజలు మఱుఁగుపడుదురు. ఇది యా నవలకుఁ గల కొఱఁత.

'టైమ్సు' విలేఖరి జార్జి స్టీరు రచన దీనికిఁ బ్రతిగా నిలుచును. అతఁడు ఇథియోపియా యుద్ధమును జూచినవాఁడే. 1937 ఏప్రిలు 26న స్పెయినులోని గెర్నికాపురముపై బాంబులు కురిసినవి. 28వ తేదీని వెలువడిన లేఖలో నతఁడు విమానములు జర్మనులవని స్పష్టముగఁ జెప్పెను. ఎదిరిపక్షమువారే పురమును గాల్చిరని ఫ్రాంకోపక్షమువారు చాటిరి. క్రియ యుభయులకు సమ్మతమే. వివాద మంతయుఁ గర్తనుగూర్చియే.

కర్తను బేర్కొన్నంతనే దండయాత్ర లాగినవా యని యడుగవచ్చును. ఆగలేదు. 1936 మే 5న అడ్డిస్ అబాబా ఇటలీవశమయ్యెను. గెర్నికాను 1937 ఏప్రిలు 29న ఫ్రాంకోసేనలు చేకొనినవి. ప్రజల యాగ్రహము మంత్రిని దొలఁగించెను గాని సేనలను దొలఁగింపలేకపోయెను. అయినను 1997లో జర్మనీ రాష్ట్రపతి రోమన్ హెర్జోగ్ గెర్నికావిషయమునఁ దమవారి దోషము నంగీకరించునాఁటికి, 60 ఏండ్లక్రిందటి యా వాక్యమునఁ గర్తృపదము చెరగకయే యుండెను.

కావున నట్టి వార్త చేతికి వచ్చినపుడు, శైలిగుణదోషములకు ముందుగఁ గ్రియకుఁ గర్త యెవఁడో విమర్శకుఁడు వెదకవలయును.