వారసత్వంగా వచ్చిన నింద

ఇరవై ఏళ్ల వయసులో బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ చదివినప్పుడు దయానిధి మీద జాలిపడ్డాను. తల్లి గురించి లోకం అనుకున్న మాటే అతని బతుకును పాడుచేసిందనుకున్నాను. ఈమధ్య మళ్లీ చదివితే అంత సులువుగా జాలి కలగలేదు.

బ్యాంకులో అప్పు తీసుకున్నవారు పోతే, హామీ సంతకం చేయని వారసుడికి సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యత. అంతకుమించి పైసా అడగడానికి వీల్లేదు. దయానిధికి తల్లి నుంచి సంక్రమించింది నింద. దాన్ని తీర్చాల్సిన అప్పుగా రాసుకున్నది అతనే. తనకు ప్రేమ దక్కదన్న నమ్మకం ముందు పుట్టింది. కోమలి, ఇందిర, అమృతం దగ్గర దానికి రుజువులే వెతుక్కున్నాడు. లోకం క్రూరమైనదే, కాదనను. కాని ఇందిరకు మనసు ఇవ్వలేకపోవడమూ, మరొకరి భార్య అయిన అమృతంతో సంబంధమూ తల్లి పద్దులో వేయదగినవి కావు. అవి అతని సొంత బాకీలు.

ఈ తేడాను రచయిత తీర్పుగా చెప్పడు. చైతన్య స్రవంతి పద్ధతిలో మనల్ని దయానిధి మనసులోనే కూర్చోబెడతాడు. అందుకే అతని సాకులు మనకు న్యాయంగా తోస్తాయి. అది నవలకు బలం, చదువరికి ప్రమాదం. స్త్రీలు అతని చూపులోంచే కనబడటం మాత్రం నాకు లోటనిపించింది. ఇందిర వైపు లెక్క మనకు అందదు.

మా నాన్నది మౌనం, నాదీ అదే స్వభావం అని ఇంట్లో చాలాకాలం చెప్పుకుంటూ వచ్చాను. ఈసారి పుస్తకం మూశాక ఆ మాట అనలేకపోయాను.