పద్నాలుగు ర్యాలీలు

పత్రికల మొదటి పేజీలను ఆక్రమించిన ర్యాంకుల ప్రకటనలు, ఆటస్థలం లేని భవనానికి జూనియర్ కళాశాలగా అనుమతి ఇవ్వరాదన్న నా పాత వాదనను మళ్లీ రేపాయి. మార్కుల ఒత్తిడికి మైదానమే విరుగుడన్నది ఆ వాదన. అయితే ఆడుతూ చదివే విద్యార్థి విషయంలో అది ఎంతవరకు నిలుస్తుందన్నది విచారించదగినది.

ఆ ఒత్తిడి పెంచే, లోపమే లేని ఫలితం తప్ప మరొకటి అంగీకరించని మనోవైఖరిని మనస్తత్వ శాస్త్రం పరిపూర్ణతావాదం అంటుంది. 1990లో రాండీ ఫ్రాస్ట్ బృందం రూపొందించిన కొలమానం, వ్యక్తి తనకు తాను పెట్టుకునే ఉన్నత ప్రమాణాలను, తప్పుల గురించిన దిగులును, తల్లిదండ్రుల ఆశలను, వారి విమర్శలను విడివిడిగా లెక్కిస్తుంది. ప్రమాణాలు సాధనకు పట్టుదలనిస్తే, దిగులు ఆట మీది ఇష్టంతోనే ఆడే గుణాన్ని, అంటే అంతర్గత ప్రేరణను, హరించగలదు.

ప్రమాణాలకూ దిగులుకూ మధ్య ఉన్న ఈ తేడాను బ్యాడ్మింటన్ స్కోరు బాగా చూపుతుంది. ప్రతి ర్యాలీకీ ఎవరో ఒకరికి పాయింటు దక్కే ఆ ఆటలో, 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో పి.వి. సింధు 19-21, 22-20, 20-22తో నొజోమి ఒకుహారా చేతిలో ఓడినప్పుడు, 110 నిమిషాల పోరు ముగిసేసరికి ఇద్దరి మొత్తాల మధ్య అంతరం రెండే పాయింట్లు. మరుసటి ఏడాది ఫైనల్‌లో కరోలినా మారిన్ చేతిలోనూ ఓటమే ఎదురైంది. 2019లో బాసెల్‌లో అదే ఒకుహారాపై 21-7, 21-7తో గెలిచి ఆమె భారత్‌కు తొలి ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ టైటిల్ తెచ్చింది. అంతటి ఏకపక్ష విజయంలోనూ ఆమె 14 ర్యాలీలు కోల్పోయింది. జవాబుపత్రం నూటి నుంచి కోస్తూ వస్తుంది, ఆట సున్నా నుంచి కూడుతూ పోతుంది.

ఇంతవరకు చూస్తే మైదానానిదే పైచేయి అనిపిస్తుంది. కానీ ఒకే షాట్‌ను వందల సార్లు కొట్టించే శిక్షణలో పట్టింపు పరీక్షల కంటే తక్కువేమీ కాదు. ఆ పట్టింపును విద్యార్థి భరించగలగడానికి కారణం, అక్కడ తప్పును దిద్దుతారే గాని లెక్కలో రాయరు. వారాంతపు పరీక్షల ర్యాంకులను గోడకు అంటించే కళాశాలలో సాధనకూ పోటీకీ మధ్య గీత చెరిగిపోయి, తప్పు చేసి నేర్చుకునే వేళే మిగలదు. స్పోర్ట్స్ కోటా సీటు కోసం సర్టిఫికెట్లు లెక్కపెట్టే తల్లిదండ్రుల ఎదుట ప్రతి ప్రాక్టీసూ సెలెక్షన్ ట్రయల్‌గా మారితే, కోర్టు కూడా మరో పరీక్ష హాలే అవుతుంది.

కాబట్టి ఆటస్థలం ఒక్కటే చాలదు. మార్కూ ర్యాంకూ స్కోరూ రాయని అభ్యాసానికి చదువులోనూ ఆటలోనూ వారానికి కొన్ని గంటలు కేటాయించాలి. అటువంటి గంటల్లో లెక్చరర్ గాని, కోచ్ గాని ఎంత కఠినంగా ఉన్నా విద్యార్థికి మేలే జరుగుతుంది.